వాట్సాప్ బిజినెస్ బటన్ సమీక్ష: ‘ఇక్కడ నొక్కండి’ చోట ఏం రాయాలి

హైదరాబాద్‌లో చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లు తెరిస్తే చాలావాటిలో కుడిచేతి వైపు, కింద, ఆకుపచ్చ గుండ్రటి బటన్ ఒకటి కనిపిస్తుంది. రాణీగంజ్‌లో మోటార్లు అమ్మే దుకాణం, కూకట్‌పల్లిలో మగ్గం వర్క్ చేసే బొటిక్, అమీర్‌పేటలో కోర్సులు చెప్పే ఇన్‌స్టిట్యూట్, అందరిదీ అదే బటన్. వెబ్‌సైట్ చేసిచ్చేవాళ్లు చివరి రోజున దాన్ని అతికించి వెళ్తారు. దాని మీద ఏం రాయాలి, నొక్కితే ఏ మాట తెరుచుకోవాలి, అవతల ఎవరు జవాబివ్వాలి అన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. ఆ బటన్‌నీ, దాని వెనకున్న వాట్సాప్ బిజినెస్ యాప్‌నీ గిరాకీ తెచ్చే పనిముట్టుగా తూచి రాస్తున్న సమీక్ష ఇది.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. డబ్బులు పెట్టకుండా దొరికేవాటిలో చిన్న దుకాణానికి ఇంత పనికొచ్చేది ఇంకోటి లేదు. కానీ యాప్ సగం పనే చేస్తుంది. మిగతా సగం బటన్ మీద రాసిన నాలుగు మాటలది, ఆ మాటలు చదివి వచ్చినవాళ్లకి కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషి ఇచ్చే జవాబుది. ‘రేటు కనుక్కోండి’ అని రాశారంటే రేటు చెప్తామని మాటిచ్చినట్టే. అడిగినవాళ్లకి ‘షాపుకి రండి, మాట్లాడుకుందాం’ అని జవాబు పెడితే ఆ బటన్ అబద్ధమాడినట్టు లెక్క. రెండోసారి దాన్ని ఎవరూ ముట్టుకోరు.

2018లో వచ్చిన ఈ యాప్ మామూలు వాట్సాప్ లాగే ఫోన్‌లో నడుస్తుంది, ఉచితం. దుకాణం వేళలు, చిరునామా, సామాను జాబితా పెట్టుకోవచ్చు. పెద్ద కంపెనీలు వాడే వాట్సాప్ బిజినెస్ ప్లాట్‌ఫామ్ వేరు. అది సాఫ్ట్‌వేర్‌తో కలిపి వాడుకునేది, 2025 జులై నుంచి దానికి మెసేజీ లెక్కన ఛార్జీ ఉంది. ‘బాట్ (తనంతట తానే జవాబులిచ్చే ప్రోగ్రాం) పెట్టిస్తాం, నెలకింత’ అని వచ్చేవాళ్లు అమ్మేది ఎక్కువగా దీన్నే. రోజుకి ముప్పై నలభై ఎంక్వయిరీలు వచ్చే దుకాణానికి అది అక్కర్లేదు. యాప్‌ని ఫోన్‌తో పాటు మరో నాలుగు పరికరాలకి లింక్ చేసుకోవచ్చు. కౌంటర్‌లో కంప్యూటర్, గోడౌన్‌లో ఒక ఫోన్, యజమాని ఫోన్ అనుకున్నా ఇంకా ఒకటి మిగులుతుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి. అసలు ఫోన్‌ని 14 రోజులకి మించి వాడకపోతే లింక్ చేసినవన్నీ లాగౌట్ అయిపోతాయి. ఆ ఫోన్‌ని డ్రాయర్‌లో పడేసి కంప్యూటర్ మీదే నడుపుకునేవాళ్లకి ఎక్కువగా జరిగేది ఇదే.

లింకు రాయడంలో తప్పులు

బటన్ లోపల ఉండేది ఒక్క లింకు. డబ్ల్యూఏ డాట్ ఎంఈ, ఒక స్లాష్, ఆ పక్కన ఫోన్ నంబరు. దీనికి ప్లగిన్ (సైటుకి విడిగా తగిలించే సాఫ్ట్‌వేర్) అక్కర్లేదు. నెలకి ఇంతని తీసుకుని చాట్ విడ్జెట్ ఇచ్చేవి చాలా ఉన్నాయి. వాటితో పాటు బయటి స్క్రిప్టు పేజీలోకి వచ్చి కూర్చుంటుంది, పేజీ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది, చివరికి అవి చేసేది కూడా ఈ లింకు తెరవడమే. మామూలు లింకు పెట్టుకుంటే చాలు.

తప్పులు ఎక్కువగా నంబరు దగ్గర జరుగుతాయి. ముందు 91 ఉండాలి. దానికి ముందు ప్లస్ గుర్తు పెట్టకూడదు, అంకెల మధ్య ఖాళీలు, అడ్డగీతలు ఉండకూడదు, 91 తర్వాత సున్నా పెట్టకూడదు. ల్యాండ్‌లైన్ నంబరు మీద కూడా ఈ యాప్ నడుస్తుంది, వెరిఫికేషన్ కోడ్‌ని ఎస్సెమ్మెస్‌లో కాకుండా ఫోన్ చేసి చెప్తుంది. అప్పుడు మన 040లో సున్నా తీసేసి 9140, ఆ పక్కన ఎనిమిది అంకెలు రాయాలి. 91040 అని రాస్తే ఆ నంబరు వాట్సాప్‌లో లేదని వస్తుంది. చూసినవాళ్లు లింకు తప్పని అనుకోరు, దుకాణం ఎత్తేశారనుకుంటారు. ఫోన్ కాల్ బటన్‌కి పెట్టే టెల్ లింకులో మాత్రం ప్లస్ 91 పెట్టడమే సరైన పద్ధతి. ఒకదానిలోంచి ఇంకోదానిలోకి నంబరు కాపీ చేసేటప్పుడు ప్లస్ గుర్తు కూడా వెంట వచ్చేస్తుంది, చూసుకోవాలి.

ఇంకో జాగ్రత్త, ఆ సిమ్ ఎవరి పేరు మీద ఉందన్నది. కౌంటర్‌లో పనిచేసే కుర్రాడి సొంత నంబరు వెబ్‌సైట్ మీద వేశారనుకోండి, అతను పని మానేసిన రోజున గిరాకీ కూడా అతనితోనే వెళ్తుంది. సిమ్ దుకాణం పేరు మీద ఉండాలి, రీఛార్జ్ తేదీ క్యాలెండర్‌లో రాసి ఉండాలి.

ఇక అసలు బలం ఎక్కడుందంటే, నొక్కగానే టైపు చేసి ఉన్న మెసేజీ తెరుచుకునేలా పెట్టుకునే వీలు. నంబరు తర్వాత ప్రశ్నార్థకం, ‘టెక్స్ట్’ అన్న ఇంగ్లిష్ మాట, సమానం గుర్తు, ఆ పక్కన మనం రాసిన వాక్యం. అందులో ఖాళీకి బదులు %20 రాయాలి. కొత్త లైనుకి శాతం గుర్తు, సున్నా, ఏ అక్షరం. ‘ఫిట్టింగ్ & సర్వీస్’ అని ఉన్నదున్నట్టు రాస్తే & దగ్గరే మెసేజీ తెగిపోతుంది, మిగతా సగం కస్టమర్‌కి కనిపించదు. దాని బదులు ‘ఫిట్టింగ్, సర్వీస్’ అని రాసేసుకుంటే గొడవ ఉండదు.

తెలుగులో రాస్తే లింకు ఎంత పొడవవుతుందో ముందే తెలిసుండాలి. కంప్యూటర్ దృష్టిలో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు అన్నీ విడివిడి ముక్కలు. లింకులోకి వెళ్లేసరికి ఒక్కో ముక్క తొమ్మిది అక్షరాలవుతుంది. ‘నమస్కారం’ అన్న మాటలో అలాంటివి 8 ముక్కలు, అంటే లింకులో 72 అక్షరాలు. వెబ్‌సైట్ బటన్‌లో దీనివల్ల ఇబ్బందేమీ లేదు, లోపలిది ఎవరికీ కనపడదు. అదే లింకుని క్యూఆర్ కోడ్ చేసి విజిటింగ్ కార్డు మీద అచ్చు వేస్తే గళ్లు ఇసుక రేణువుల్లా అయిపోతాయి, సాయంత్రం వెలుతురులో ఫోన్ కెమెరాకి అందవు. కార్డుకీ, షాపు బోర్డుకీ యాప్‌లోనే దొరికే షార్ట్ లింకు వాడుకోవాలి. అందులో తెరుచుకోవాల్సిన మెసేజీని యాప్‌లోనే రాసి పెట్టుకోవచ్చు, లింకు పొట్టిగానే ఉంటుంది. ఆ యాప్ ఇచ్చే క్యూఆర్‌ని మాత్రం రీసెట్ చేయకండి. చేస్తే అప్పటిదాకా అచ్చు వేయించిన కార్డులన్నీ చిత్తు కాగితాలే.

రాణీగంజ్ బోరు మోటారు పేజీ: ఒక ఉదాహరణ

బటన్, మెసేజీ, జవాబు కలిసి ఎలా పనిచేస్తాయో ఒక్క పేజీ పట్టుకుని చూద్దాం. సబ్‌మెర్సిబుల్ మోటార్లు అమ్మే దుకాణం. పేజీలో మోటారు ఫోటో, కింద ఆకుపచ్చ బటన్, దాని మీద ‘వాట్సాప్‌లో సంప్రదించండి’. నొక్కితే తెరుచుకునే మెసేజీ ‘హాయ్’. కస్టమర్ హాయ్ పంపుతాడు. దుకాణం నుంచి ‘చెప్పండి సార్’ అని వస్తుంది. ‘మోటారు కావాలి.’ ‘ఎంత హెచ్‌పీ సార్?’ ‘తెలీదు, బోరుకి.’ ‘బోరు ఎంత లోతు?’ ఈ లోపు దుకాణంలోకి మనుషులు వస్తారు, జవాబు గంట ఆలస్యమవుతుంది. ఆ గంటలో కస్టమర్ పక్క దుకాణానికి ఫోన్ చేసేస్తాడు.

అదే పేజీలో బటన్ మీద ‘మీ బోరుకి సరిపోయే మోటారు రేటు కనుక్కోండి’ అని రాసి, నొక్కగానే ఇలా తెరుచుకునేలా పెట్టండి:

‘బోరు మోటారు రేటు కావాలి.
బోరు లోతు (అడుగులు):
మోటారు దింపాల్సిన లోతు:
కరెంటు: సింగిల్ ఫేజ్ / త్రీ ఫేజ్
పాత మోటారు ఉంటే హెచ్‌పీ, స్టేజీలు:
ఏరియా:’

ఇందులో అనవసరమైనది ఒక్కటీ లేదు. లోతు తెలియకుండా ఎన్ని స్టేజీలో (నీళ్లని పైకి నెట్టే పంపు అరలు) చెప్పలేరు, ఫేజ్ తెలియకుండా మోటారూ స్టార్టరూ చెప్పలేరు, ఏరియా తెలియకుండా ఫిట్టింగ్ మనిషిని పంపే ఖర్చు చెప్పలేరు. ఉప్పల్‌కి ఒకటి, పటాన్‌చెరుకి ఒకటి. కస్టమర్‌కి అన్నీ తెలియకపోయినా తెలిసిన రెండు నింపి పంపుతాడు. కౌంటర్‌లో ఉన్నవాళ్లు ఒక్క జవాబులో రేటు చెప్పగలుగుతారు. ఆరు లైన్లకి మించి పెడితే మాత్రం దరఖాస్తు ఫారంలా కనిపించి వెనక్కి వెళ్లిపోతారు, అక్కడ ఆపాలి.

లాడ్ బజార్ గాజుల దుకాణానికి ఇంత పొడవు అక్కర్లేదు. ‘సైజు: 2.4 / 2.6 / 2.8, ఎన్ని సెట్లు, ఏ తేదీకి కావాలి’ అంటే సరిపోతుంది. పెళ్లి క్యాటరింగ్‌కి తేదీ, ఎంతమంది, వెజ్జా నాన్‌వెజ్జా, ఫంక్షన్ హాలు ఏ ఏరియాలో అన్న నాలుగూ చాలు. బొటిక్‌కి ఒక ఇబ్బంది ఉంది. లింకులో ఫోటో జతచేయడానికి వీలు లేదు, మాటలే వెళ్తాయి. అందుకని ‘ఈ డిజైన్‌కి రేటు చెప్పండి. (కింద ఫోటో పంపుతున్నాను)’ అని మెసేజీలోనే రాసిపెడితే, ఫోటో పంపాలని కస్టమర్‌కి గుర్తుంటుంది.

తెలుగు బటన్ మీద ఏ మాటలు

మన వెబ్‌సైట్లలో ఎక్కువగా పాడైపోయే చోటు ఇది. ‘సమర్పించు’, ‘పంపు’, ‘కొనుగోలు చేయి’, ‘రద్దు చేయి’. ఇవి ఇంగ్లిష్ మాటలకి యంత్రం పెట్టిన తెలుగు. దుకాణానికి వచ్చిన పెద్దావిడతో ఎవరూ ‘చీర కొనుగోలు చేయి’ అనరు. నువ్వు అన్న పిలుపు బటన్ మీద ఉన్నా నువ్వే. ‘అండి’ పెట్టకపోతే మర్యాద తప్పినట్టే, జాగా సరిపోలేదన్న సాకు చెల్లదు. ‘సమర్పించు’ బదులు పని పేరే రాసేయండి: ‘డెమో క్లాసుకి పేరు ఇవ్వండి’, ‘కొలతలకి టైమ్ బుక్ చేసుకోండి’.

‘చేయండి’కీ ‘చేసుకోండి’కీ తేడా ఉంది, ఆ తేడా అమ్మకంలో పనికొస్తుంది. ‘బుక్ చేయండి’ అంటే పని చెప్పినట్టు. ‘బుక్ చేసుకోండి’ అంటే మీ కోసం మీరు చేసుకునేది. టైమ్, సీటు, టేబుల్, శాంపిల్ లాంటి కస్టమర్‌కి దక్కేవాటికి ‘చేసుకోండి’, ‘తీసుకోండి’, ‘కనుక్కోండి’ వాడాలి. కస్టమర్ మనకి ఏదైనా ఇవ్వాల్సి వచ్చిన చోట, అంటే ఫోటో, చిరునామా, అడ్వాన్సు లాంటి వాటికి, ‘పంపండి’, ‘కట్టండి’ అని సూటిగా ఉండాలి. ‘అడ్వాన్సు కట్టుకోండి’ అంటే వినడానికే బాగుండదు.

బటన్ మీద మాట్లాడేది ఎవరన్నది కూడా తేల్చుకోవాలి. ‘నాకు రేటు పంపండి’ అంటే కస్టమర్ మాట్లాడుతున్నాడు. ‘రేటు కనుక్కోండి’ అంటే దుకాణం మాట్లాడుతోంది. రెండూ తెలుగులో చక్కగా పలుకుతాయి. కానీ ఒకే పేజీలో పైన ఒకటి, కింద ఒకటి ఉంటే ఎవరు ఎవరికి ఏం పంపాలో తెలియక తికమక పడతారు. మా ఓటు దుకాణం గొంతుకే, ఎందుకంటే పేజీలో మిగతా రాతంతా దుకాణం మాటే.

‘మరింత తెలుసుకోండి’, ‘ఇక్కడ నొక్కండి’, ‘మమ్మల్ని సంప్రదించండి’, ఈ మూడూ తీసేయండి. మొదటిది దేని గురించో చెప్పదు, రెండోది నొక్కితే ఏమవుతుందో చెప్పదు, మూడోది ఆఫీసు నోటీసు భాష. పైగా చూపు లేనివాళ్లు స్క్రీన్ మీది రాతని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో పేజీలోని లింకులు మాత్రమే వరసగా వింటుంటారు. ‘ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి’ అని వినపడితే వాళ్లకి ఏం తెలుస్తుంది?

ధర కాక ‘రేటు’ అని ఎందుకు రాస్తున్నామంటే, ఈ ఊళ్లో బేరం ఆ మాటతోనే నడుస్తుంది. ‘అపాయింట్‌మెంట్’, ‘డెలివరీ’, ‘డెమో’, ‘ఆర్డర్’ లాంటివి అలాగే ఉంచాలి, వాటికి పుస్తకాల తెలుగు వెతకడం మొదలుపెడితే కస్టమర్ ఆగి అర్థం వెతుక్కోవాలి. ఇక భాష సంగతి. హైదరాబాద్‌లో ఒకే దుకాణానికి తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు వస్తారు. ఒకే బటన్ మీద రెండు భాషలు కుక్కకండి. పేజీ ఏ భాషలో ఉంటే బటనూ, తెరుచుకునే మెసేజీ కూడా ఆ భాషలోనే ఉండాలి. కౌంటర్‌లో ఉన్న మనిషికి తెలుగు చదవడం రాకపోతే, మెసేజీ మొదట్లో ‘బోరు-1’, ‘బోరు-2’ లాంటి చిన్న గుర్తు పెట్టుకుంటే ఏ పేజీ నుంచి వచ్చిందో, ఏ జవాబు పంపాలో తెలిసిపోతుంది. ఈ గుర్తుని తెలుగులో కాక ఆ మనిషి చదవగలిగే లిపిలో పెట్టండి.

రంగు, సైజు, వత్తులు

వాట్సాప్ లోగోలో ఉండే లేత ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలు రాస్తున్నారు చాలామంది. ఆ రెండు రంగుల మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) దాదాపు 2:1. వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండాలని పెట్టుకున్న డబ్ల్యూసీఏజీ ప్రమాణం మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5:1 ఉండాలంటుంది. మధ్యాహ్నం ఎండలో కోఠి బస్టాప్ దగ్గర నిలబడి ఫోన్ చూసేవాళ్లకి ఆ తెల్ల అక్షరాలు కనపడవు. ముదురు ఆకుపచ్చ మీద తెలుపు పెట్టండి, లేదా లేత ఆకుపచ్చే ఉంచి అక్షరాలు నల్లగా పెట్టండి. రెండోదానికి తేడా 10:1 దాటుతుంది. బటన్ ఎత్తు 48 పిక్సెల్స్ ఉంటే బొటనవేలికి సులువు. ఆ ప్రమాణంలో 2023లో వచ్చిన 2.2 వెర్షన్ కనీసం 24 పిక్సెల్స్ అంటుంది కానీ, అది కనీసం మాత్రమే, దాన్ని లక్ష్యంగా పెట్టుకోకూడదు.

తెలుగు బటన్‌కి ఇంకో చిక్కు ఉంది, ఇంగ్లిష్ టెంప్లేట్లు తయారుచేసేవాళ్లకి అది తట్టదు. ‘ఆర్డర్ ఇవ్వండి’లో వ కింద వ వత్తు ఉంటుంది. ‘పేర్లు’లో ర కింద ల వత్తు. పైన గుడులు, తలకట్లు. టెంప్లేట్‌లో లైన్ ఎత్తు 1 అని, బటన్ ఎత్తు ఇంత అని బిగించి ఉంటే వత్తు సగానికి తెగిపోతుంది. లైన్ ఎత్తు 1.5 పెట్టి, బటన్ ఎత్తుని అంకెతో బిగించకుండా అక్షరాలకి పైనా కిందా ఖాళీ (ప్యాడింగ్) ఇవ్వాలి. అక్షరాల మధ్య దూరం పెంచే సెట్టింగ్ ఉంటే సున్నా చేయండి. బోల్డ్ అక్షరాలు లేని ఫాంటుకి బోల్డ్ పెడితే బ్రౌజర్ తనంతట తాను లావు చేస్తుంది, అప్పుడు సున్నాలు పూడుకుపోయి ‘థ’ ఏదో ‘ధ’ ఏదో తెలియదు. నోటో సాన్స్ తెలుగు, అనెక్ తెలుగు రెండింటికీ బోల్డ్ విడిగా ఉంది, రెండూ ఉచితమే.

పేజీ జరిపినా కదలకుండా మూలన తేలే ఆ గుండ్రటి బటన్ గురించి ఒక్క మాట. ఫోన్‌లో అది సరిగ్గా రేటు మీదో, ‘కార్ట్’ బటన్ మీదో వచ్చి కూర్చుంటుంది. గుండ్రటి బొమ్మ తీసేసి, స్క్రీన్ అడుగున పొడుగాటి పట్టీలా ఎడమవైపు ‘ఫోన్ చేయండి’, కుడివైపు ‘వాట్సాప్‌లో రేటు కనుక్కోండి’ పెట్టి, పేజీ అడుగున అంత ఎత్తు ఖాళీ వదిలితే ఏదీ కప్పబడదు. పట్టీ ఉంది కదా అని పేజీలో బటన్లు మానేయకూడదు. కస్టమర్‌కి అనుమానం తీరే చోటు ఒకటుంటుంది. రేటు కిందో, వారంటీ గురించి రాసిన పేరా కిందో. బటన్ అక్కడ ఉండాలి. పెళ్లి క్యాటరింగ్ పేజీలో మొదటి స్క్రీన్ మీదే ‘ఇప్పుడే ఆర్డర్ చేయండి’ అంటే ఎవరు చేస్తారు? మెనూ చూడలేదు, ప్లేటు రేటు తెలీదు. ఆ చోట ‘మెనూ, ప్లేటు రేటు వాట్సాప్‌లో తెప్పించుకోండి’ అనండి.

మాట నిలబెట్టుకోవడం

బటన్ కింద చిన్న అక్షరాల్లో ఒక లైను పెట్టండి: ‘ఉదయం 10:30 నుంచి రాత్రి 8 దాకా, అరగంటలో జవాబు’. అరగంటలో ఇవ్వలేకపోతే ‘ఈరోజే జవాబు’ అనండి. ఇవ్వగలిగినదే రాయాలి. యాప్‌లో దీనికి మూడు పనిముట్లున్నాయి. మొదటిసారి రాసినవాళ్లకీ, 14 రోజులు మాటల్లేక మళ్లీ రాసినవాళ్లకీ వెళ్లేది గ్రీటింగ్ మెసేజీ. దుకాణం మూసిన వేళల్లో వెళ్లేది ‘అవే’ (ఇంగ్లిష్‌లో away) మెసేజీ. స్లాష్ కొట్టి చిన్న గుర్తు టైపు చేస్తే నిండు జవాబు తెచ్చేవి క్విక్ రిప్లైలు, ఇవి 50 దాకా పెట్టుకోవచ్చు.

గ్రీటింగ్‌లో ‘మా సంస్థని ఎంచుకున్నందుకు ధన్యవాదాలు’ లాంటివి వద్దు. కస్టమర్ ఇంకా ఏమీ ఎంచుకోలేదు. ‘మీ మెసేజీ అందిందండి. లోతు, ఫేజ్ రాసి ఉంటే అరగంటలో రేటు పంపుతాం. తొందరైతే ఫోన్ చేయండి’ అంటే సరిపోతుంది. ‘అవే’ (away) మెసేజీ ఫోన్‌లో ఇంటర్నెట్ ఉంటేనే వెళ్తుంది. రాత్రి ఫోన్ ఆఫ్ చేసి ఇంటికెళ్లే దుకాణానికి అది ఉన్నా లేనట్టే, ఛార్జింగ్‌లో వైఫైకి తగిలించి వదిలేయాలి. రంజాన్ నెలలో మదీనా, పత్తర్‌గట్టి వైపు దుకాణాలు అర్ధరాత్రి దాటాక కూడా తెరిచి ఉంటాయి. ఆ నెల వేళలు మార్చకపోతే షాపు నిండా జనం ఉండగా ‘ఇప్పుడు మూసి ఉన్నాం’ అని మెసేజీ వెళ్తుంది.

తొందర పెట్టే మాటల విషయంలో చట్టం కూడా ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో 13 రకాల మోసపు పద్ధతులు పేర్కొన్నారు. ‘3 సీట్లే మిగిలాయి’ అని ఏడాది పొడవునా పెట్టి ఉంచడం లేని తొందర సృష్టించడం కిందికి వస్తుంది. ‘వద్దు, నాకు మంచి ఉద్యోగం అక్కర్లేదు’ అని రెండో బటన్ పెట్టి సిగ్గుపడేలా చేయడం కూడా ఆ జాబితాలో ఉంది. కోర్సు బ్యాచ్‌లో నిజంగా 30 సీట్లే ఉంటే ‘సోమవారం బ్యాచ్, 30 సీట్లు’ అని రాయండి, నిండిన రోజున తీసేయండి. పాత తేదీ ఉన్న బటన్‌ని చూస్తే ఇన్‌స్టిట్యూట్ నడుస్తోందా లేదా అన్న అనుమానం వస్తుంది.

ఈ బటన్ ఎక్కడ పనికిరాదు

ఏసీ ఆగిపోయినవాళ్లకి, ఇంట్లో పైపు పగిలినవాళ్లకి మెసేజీలు టైపు చేసే ఓపిక ఉండదు. అక్కడ పెద్దగా ఉండాల్సింది ‘ఫోన్ చేయండి’, పక్కనే నంబరు అంకెల్లో. ల్యాప్‌టాప్‌లో చూసేవాళ్లకి టెల్ లింకు నొక్కినా కాల్ కలవకపోవచ్చు, అంకెలు కనిపిస్తే చూసి డయల్ చేసుకుంటారు.

ఇంకోటి, నొక్కి మెసేజీ పంపిన క్షణం కస్టమర్ ఫోన్ నంబరు దుకాణం చేతికి వెళ్తుంది. సెట్టింగ్స్‌ని బట్టి ప్రొఫైల్ ఫోటో కూడా. చాలామంది ఆడవాళ్లు బొటిక్‌లకి, బ్యూటీ పార్లర్లకి మెసేజీ పెట్టడానికి వెనకాడేది దీనివల్లే. వాళ్ల కోసం రేట్లు కొన్నైనా పేజీ మీదే ఉండాలి, షాపుకి దారి చూపించే మ్యాప్ బటన్ ఉండాలి, ‘రేటు చెప్పడానికి తప్ప మీ నంబరు ఇంక దేనికీ వాడం’ అని బటన్ కింద రాయాలి. రాశాక నిజంగానే వాడకూడదు. ఒకసారి రేటు అడిగిన పాపానికి బతుకమ్మకీ, ఉగాదికీ ఆఫర్లు పంపితే బ్లాక్ చేస్తారు. ఒకే మెసేజీని ఒకేసారి చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టు అయితే మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకి మాత్రమే చేరుతుంది. అది యాప్‌లో ఉన్న లోపమని కొందరంటారు, మాకైతే అది మంచి కట్టడి.

లెక్క పెట్టుకోవడంలో కూడా ఈ బటన్‌కి లోటుంది. నొక్కడం వేరు, పంపడం వేరు. నొక్కాక వాట్సాప్ తెరుచుకుంటుంది, మెసేజీ టైపు అయి ఉంటుంది, కానీ పంపే గుర్తు కస్టమరే నొక్కాలి. అక్కడ ఆగిపోయినవాళ్లు ఎంతమందో యాప్ చెప్పదు. సైటుకి వచ్చేవాళ్ల లెక్క చూపే గూగుల్ అనలిటిక్స్ 4లో ఎన్‌హాన్స్‌డ్ మెజర్‌మెంట్ అన్న సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, వేరే డొమైన్‌కి వెళ్లే క్లిక్కుల్లో ఈ లింకు కూడా పడుతుంది. టెల్ లింకు పడదు, దానికి గూగుల్ ట్యాగ్ మేనేజర్ అన్న పనిముట్టులో ‘ఈ లింకు నొక్కితే లెక్కపెట్టు’ అని విడిగా ట్రిగ్గర్ పెట్టుకోవాలి. ఆ క్లిక్కుల సంఖ్యనీ, ఫోన్‌లో నిజంగా వచ్చిన మెసేజీల సంఖ్యనీ వారానికోసారి పక్కపక్కన రాసుకోండి. 40 క్లిక్కులకి 10 మెసేజీలే వస్తుంటే, బటన్ మీద మాట బాగానే ఉంది, తెరుచుకున్న మెసేజీలోనే వాళ్లకి ఏదో నచ్చలేదు. అడిగినవి ఎక్కువయ్యాయేమో చూడండి.

రెండు రకాల మాటలు పెట్టి ఏది గెలుస్తుందో చూద్దామని ఏ-బీ టెస్టులు పెట్టమంటారు. వారానికి 20 క్లిక్కులు వచ్చే సైటులో దాంతో తేలేది ఏమీ ఉండదు, 11కీ 9కీ ఉన్న తేడా ఊరికే వచ్చిందే కావచ్చు. మాట ఒకటి మార్చి, నాలుగు వారాలు వదిలి, వచ్చిన మెసేజీలు చదవండి. మధ్యలో దసరా, పెళ్లి ముహూర్తాలు లాంటివి రాకుండా చూసుకుంటే మేలు. చదివితే సంఖ్యకన్నా ఎక్కువ తెలుస్తుంది. రేటు బటన్ నొక్కి అందరూ ‘మీ షాపు ఎక్కడ?’ అని అడుగుతుంటే పేజీలో చిరునామా కనిపించట్లేదన్నమాట.

నెలకోసారి చేయాల్సిన పని: దుకాణం నంబరు సేవ్ చేసి లేని ఫోన్ ఒకటి తీసుకుని, వైఫై ఆపి మొబైల్ డేటా మీద, సైట్‌లో ప్రతి పేజీ తెరిచి ప్రతి బటన్ నొక్కండి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఉన్న లింకు నుంచి ఒకసారి, గూగుల్ మ్యాప్స్‌లో ఉన్న లింకు నుంచి ఒకసారి, ల్యాప్‌టాప్ నుంచి ఒకసారి. మెసేజీ తెగకుండా తెరుచుకుందా, సరైన నంబరుకే వెళ్లిందా, గ్రీటింగ్ వచ్చిందా, మనిషి జవాబు ఎన్ని నిమిషాలకి వచ్చింది, కాగితం మీద రాసుకోండి. ఆదివారం సెలవైతే ఆదివారం కూడా ఒకటి పంపి చూడండి.